రంగు కన్నా ముందు బ్రేకు

పాత బండి కొని బాగు చేయించుకోవడం మనవాళ్ళలో ఒక క్రమం ప్రకారం జరుగుతుంది. బండి ఇంటికి రాగానే పసుపు కుంకుమలు పెడతారు, నిమ్మకాయ తొక్కిస్తారు, మర్నాడే రంగులు వేసే షెడ్డుకు తోలుకెళతారు. ట్యాంకుకు కొత్త రంగు, సీటుకు కొత్త కవరు, రెండు వైపులా స్టిక్కర్లు, వీలైతే సైలెన్సరు మార్పు. అంతా అయ్యాక జేబులో ఏమైనా మిగిలితే "బ్రేకులు కూడా ఒకసారి చూడవోయ్" అని మెకానిక్కుతో అంటారు. ఆ "కూడా" అన్న మాట మీదే నా తగాదా అంతా.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పాత చిన్న బండే తగినదని నా అభిప్రాయం. దాన్ని బాగు చేసే పనిలో వాళ్ళ చేయి కూడా ఉండాలని, ఖర్చు మొదట ఆగడానికి, తరువాత నడవడానికి, చిట్టచివరకు అందానికి పెట్టాలని దానికి కొనసాగింపు. ఇందులో పెద్ద విశేషమేమీ లేదని మీకనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. ఆ వరుసను ఒకసారి తలకిందులు చేసి చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను.

1996లో నాకు 23 ఏళ్ళు, మా తమ్ముడికి 19. నా తొలి జీతాలు కూడబెట్టి వాడి కోసం ఒక పాత హీరో హోండా సి.డి. 100 కొన్నాను. 1985లో ఆ బండి మన దేశంలో అమ్మకానికి వచ్చినప్పుడు, రాజ్‌దూత్‌లనూ బుల్లెట్లనూ చూసిన కళ్ళకు అదొక బొమ్మలా కనబడింది. నిండా 100 సి.సి. కూడా లేని ఇంజను. సరిగ్గా చెప్పాలంటే 97.2. అటువంటి బండిని మా ఇంటి ముందు నిలబెట్టానన్న గర్వంతో దానికి ఎర్రరంగు వేయించాను, సీటు కుట్టించాను, ట్యాంకుకు రెండు వైపులా మెరుపు ఆకారంలో స్టిక్కర్లు అతికించాను. ఆ పనిలో ఉండగానే ముందు బ్రేకు తీగ లివరులోకి దూరే చోట రెండు పోగులు తెగి పైకి లేచి ఉండటం చూశాను. చూడలేదని చెబితే అబద్ధమవుతుంది. చేతికి గుచ్చుకుంటున్నాయని కటింగ్ ప్లేయరుతో ఆ రెండు పోగులనూ నున్నగా కత్తిరించాను కూడా. తీగ సంగతి వచ్చే నెల జీతంలో చూద్దాంలే అనుకున్నాను. ఆ తీగ ఖరీదు స్టిక్కర్ల ఖరీదులో సగం కూడా ఉండదు.

ఆ నెల తిరక్కుండానే, వాన వెలిసిన ఒక సాయంత్రం, బందరు కాలువ కట్ట మీద తమ్ముడు వస్తుంటే రేవులోంచి గేదెలు రోడ్డెక్కాయి. వాడు బ్రేకు లాగాడు. తీగ తెగి లివరు గుప్పిట్లోకి వచ్చేసింది. వెనక బ్రేకు ఒక్కటే తడిమట్టిలో చక్రాన్ని బిగబట్టేసింది, బండి అడ్డం తిరిగింది. గేదెలకేమీ కాలేదు. తమ్ముడి కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఈనాటికీ అది పూర్తిగా తిరగదు. అన్నం కలుపుకునేటప్పుడు మోచేయి పక్కకు ఎత్తి కలుపుకుంటాడు. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు అదొక అలవాటనుకుంటారు.

ఆ రెండు పోగుల సంగతి వాడికి చెప్పడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. అంతా విని, "స్టిక్కర్లు మాత్రం బాగుండేవి అన్నయ్యా" అన్నాడు.

ఇక ఇప్పటి సంగతి. మా తమ్ముడి కూతురికి 19 ఏళ్ళు నిండాయి. వ్యవసాయం చదువుతోంది, చదువులో భాగంగా ఊళ్ళు తిరగాలి. మొన్న వేసవిలో వచ్చి "పెదనాన్నా, నాకు గేరు బండి నేర్పుతావా?" అని అడిగింది. ఆడపిల్లకు గేరు బండి ఎందుకు, స్కూటీ కొనిస్తే సరిపోదా అని ఇంట్లో అందరూ అన్నారు. అదే ఇంట్లో మగపిల్లవాడు ఇంటర్ పాసైతే చాలు, షోరూములో 150 సి.సి.కి తగ్గకుండా బుక్ చేసిన వాళ్ళున్నారు. ఒకరికి బండి పనికిరాదనుకోవడం, మరొకరికి అమితమైన బండి ఇవ్వడం, ఈ రెండింటిలోనూ నేర్చుకునే మనిషి గురించిన ఆలోచన లేదు. పిల్ల తిరగవలసినవి చేలగట్ల దారులు, గుంతల రోడ్లు. అక్కడ స్కూటరుకుండే చిన్న చక్రం గుంతలో దిగబడే చోట 18 అంగుళాల చక్రం దాటుకుపోతుంది. ఇది ఆడా మగా తేడాతో మారే విషయం కాదు.

అందరూ మాట్లాడుతుంటే తమ్ముడు మాత్రం ఏమీ అనలేదు. చివరకు లేచి వెళుతూ "బ్రేకులు నువ్వే చూడు అన్నయ్యా" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే నాకు కొంత సులువయ్యేదేమో.

పక్క ఊళ్ళో రిటైరైన పోస్టుమాస్టరు గారి దగ్గర 2013లో రిజిస్టరైన స్ప్లెండర్ ఒకటి దొరికింది. ఇదీ ఆ 97.2 సి.సి. వంశమే. బరువు 110 కిలోల లోపు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. అయిదడుగుల రెండంగుళాల మనిషికి పాదాలు నేలను తాకుతాయి, పడిపోతే తానే ఎత్తుకోగలుగుతుంది. నేర్చుకునే బండికి ఈ రెండు అర్హతలూ వేగం కన్నా ముఖ్యం. నాలుగు గేర్లూ ముందుకే పడతాయి గనుక కాలికి తికమక లేదు. ఇంజను శక్తి తక్కువ గనుక ఎక్స్‌లేటరు కంగారులో తిప్పేసినా ముందు చక్రం గాలిలోకి లేవదు. పైగా ఏ ఊరి మెకానిక్కుకైనా దాని ఎముకలన్నీ తెలుసు.

కొనే ముందు చూడవలసినవి రెండున్నాయి. మొదటిది కాగితాలు. సి బుక్కులోని ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ బండి మీద ఉన్న వాటితో అంకె అంకె సరిపోవాలి. అప్పు మీద కొన్న బండి అయితే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 సంతకాలు ఆ రోజే తీసుకోవాలి. "తరువాత చేద్దాం లెండి" అన్నవారిని నమ్మితే, రేపు ప్రమాదం జరిగిన రోజున బండి ఎవరిదన్న ప్రశ్నకు ఇద్దరూ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్ళ గడువు. దీనికి 2028 దాకా ఉంది. రెండవది బండి అస్థిపంజరం. వెనకనుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీత మీద ఉండాలి. ముందు ఫోర్కు గొట్టాలు వంగినా, ఛాసిస్ మీద వెల్డింగు మచ్చలు కనబడినా ఎంత చవకైనా వదిలేయాలి. బాగు చేయరాని బండిని బాగు చేయాలనుకోవడం కూడా ఒక రకమైన రంగు పూయడమే.

బండి వచ్చిన రోజు నేను పానాలు బయట పెట్టి, పిల్లను పీట వేసుకుని కూర్చోమన్నాను. చేతికి జిడ్డు అంటకుండా బండి నేర్చుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు, నిజమే. అయితే తన చేత్తో ఒకసారి బ్రేకు షూ విప్పి చూసిన మనిషి లివరు నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఊహించగలుగుతుంది. శబ్దం మారితే గమనిస్తుంది. "ఏదో తేడాగా ఉంది" అన్న అనుమానం వచ్చిన రోజున బండి ఆపుతుంది. నా దృష్టిలో సగం డ్రైవింగు ఆ అనుమానమే.

మొదట ముందు చక్రం ఊడదీశాము. డ్రమ్ము బయట తీగ లాగే చిన్న చేయి ఒకటి ఉంటుంది. షూలు అరిగే కొద్దీ అది ఎక్కువ దూరం తిరగాలి. అరుగుదల తెలియడానికి పక్కనే బాణం గుర్తు కూడా ఉంటుంది. షూలు మార్చే బదులు ఆ చేతిని ఊడదీసి ఒక పన్ను అవతలికి జరిపి బిగించే విద్య మన వీధుల్లో ఉంది. లివరు మళ్ళీ గట్టిగా తగులుతుంది, కొన్నవాడు మురిసిపోతాడు. లోపల మాత్రం షూ రేకు దాకా వచ్చి ఉంటుంది. అందుకే బ్రేకును లివరు పట్టుకుని కాక, విప్పి కళ్ళతో చూడాలి. మాకు దొరికిన షూలు అద్దంలా నున్నగా అయిపోయి ఉన్నాయి. ముందూ వెనకా రెండు జతలూ మార్చాము. పాత షూల పొడిని నోటితో ఊదవద్దన్నాను. పాతకాలపు షూల తయారీలో ఆస్బెస్టాస్ వాడేవారు, తడిగుడ్డతో తుడవడమే క్షేమం. కొత్త షూలు డ్రమ్ముకు ఒదగడానికి కొంత దూరం పడుతుంది, అందాకా వాటి మీద పూర్తి నమ్మకం పెట్టుకోకూడదు.

తరువాత తీగలు. ముందు బ్రేకు, క్లచ్చి, ఎక్స్‌లేటరు, మూడూ మార్పించాను. క్లచ్చి తీగ పైకి బాగానే ఉంది. "ఇది బాగానే ఉందిగా పెదనాన్నా, ఎందుకు?" అంది పిల్ల. పాతది విప్పి లివరు చివర తొడుగు జరిపి చూపించాను. లోపల మూడు పోగులు తెగి ఉన్నాయి. నాకు నోట మాట రాలేదు కాసేపు. ఆ పాత తీగను పారేయకుండా దాచుకున్నాను.

టైర్ల మీద గీతలు ఇంకా ఉన్నాయి. కాని టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చదవాలి: మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైనదని అర్థం. పదేళ్ళు ఎండలో ఎండిన రబ్బరుకు గీతలున్నా పట్టు ఉండదు. పక్కల సన్నని బీటలు కనబడతాయి. రెండూ కొత్తవి వేశాము. కొత్త టైరు పైన నున్నటి పొర ఉంటుంది, మొదటి 100 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మది అవసరం. గాలి ముందు 25, ఒంటరిగా నడిపేటప్పుడు వెనక 28. గుండ్రంగా కనబడితే చాలుననుకుని నెలల తరబడి గాలి చూడనివాళ్ళు మనలో ఎందరో.

సెంటరు స్టాండు వేసి ముందు చక్రం పైకెత్తి, ఫోర్కు కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే టకటకమన్నది. కోన్ సెట్టు అరిగిందన్నమాట. ఇటువంటి బండి నేర్చుకునేవాళ్ళ చేతిలో వణుకుతుంది. వాళ్ళు ఆ వణుకు తమ చేతకానితనం అనుకుంటారు. చక్రం ఊచలను పానాతో ఒక్కొక్కటే మీటితే వదులైనది మొద్దుగా పలుకుతుంది. అలా రెండు దొరికాయి. చైను డీజిలుతో కడిగి, మధ్యలో సుమారు 25 మిల్లీమీటర్లు ఊగేట్టు సరిచేశాము. చైను కవరు, వెనక చక్రం పక్క చీరె గార్డు గట్టిగా బిగించాము. చున్నీ చక్రంలో పడి జరిగిన ప్రమాదాలు మనం వినని ఊరు లేదు. అందుకని గార్డు ఉన్నా చున్నీ ముడి వేసుకోవాలన్నది మా ఇంట్లో చట్టం.

ఇంజను దగ్గరకు చివర్న వచ్చాము. దానికి కావలసినవి తక్కువే: 900 మిల్లీలీటర్ల నూనె, ఒక ప్లగ్గు, గాలి ఫిల్టరు, వాల్వులు ఆడే సందు సరిచేయడం, కార్బురేటరు విప్పి కడగడం. చాన్నాళ్ళు నిలిచిన పెట్రోలు జిగురులా మారి జెట్టు రంధ్రాన్ని మూసేస్తుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలకు అంతగా పడదు. అందుకని పెట్రోలు గొట్టం కూడా మార్చాము. ఇంకొక సంగతి: ఈ రకం పాత బండ్లలో హెడ్‌లైటు ఇంజను వేగాన్ని బట్టి వెలుగుతుంది. గేటు దగ్గర ఆగితే గుడ్డిదీపమవుతుంది. అందువల్ల నేర్చుకునే కాలమంతా చీకటి పడేలోగా ఇంటికి రావాలని షరతు.

విజయవాడ ఆటోనగర్‌లో కొన్న సామానూ మెకానిక్ కూలీ కలిపి 8 వేలు దాటలేదు. రంగుకు ఒక్క రూపాయి పెట్టలేదు. ట్యాంకు మీద సొట్ట అలాగే ఉంది. పడేవాళ్ళకు సొట్ట ఉన్న బండే మేలు. కొత్త రంగు మీద గీత పడుతుందన్న భయంతో పడబోయే బండిని పట్టుకోబోయి కాలు విరగ్గొట్టుకుంటారు.

ఇప్పుడు అసలు వివాదం. "ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు" అన్నది మన దగ్గర బండి నేర్పే ప్రతివారూ చెప్పే తొలి పాఠం. తమ్ముడి ప్రమాదం తరువాత మా ఇంట్లో అది వేదవాక్యమైంది. ముందు బ్రేకు వాడబోయాడు గనుక పడ్డాడని మా నాన్న చివరిదాకా నమ్మారు. నేను ఖండించలేదు, ఖండిస్తే పోగుల కథ చెప్పవలసి వచ్చేది. నా మౌనం వల్ల మా కుటుంబంలో తప్పుడు పాఠం ఒకటి ముప్పై ఏళ్ళు నిలబడింది.

నిజం దీనికి ఎదురు. బ్రేకు వేయగానే బండి బరువూ మనిషి బరువూ ముందుకు వాలతాయి. ముందు టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికవుతుంది. అందువల్ల ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే దూరం పెరుగుతుంది, తడి నేల మీద వెనక భాగం పక్కకు జారుతుంది. తమ్ముడికి జరిగింది సరిగ్గా అదే. ముందు బ్రేకు ప్రమాదం చేసేది హాండిలు తిరిగి ఉన్నప్పుడో, ఇసుక మీదో, ఒక్కసారిగా గుంజినప్పుడో. దానికి మందు నేర్చుకోవడమే: రెండు బ్రేకులూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా. ఆ ప్రమాదం నుంచి మేము నేర్చుకోవలసింది ముందు బ్రేకును ముట్టకూడదని కాదు. నమ్మి పట్టుకోదగినట్టుగా దాన్ని ఉంచుకోవాలని.

నా వాదానికి అభ్యంతరాలున్నాయి, అవి న్యాయమైనవే. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లకు, 125 సి.సి. వరకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు, అంతకు పైబడితే చక్రం బిగిసిపోకుండా ఆపే ఏ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. మా స్ప్లెండర్‌కు ఆ రెండూ లేవు. పొగ విషయంలోనూ అది 2020 నాటి బి.ఎస్. 6 నియమాలకు చాలా వెనకటిది. డబ్బుండి, పట్నంలో మంచి రోడ్ల మీద తిరిగేవాళ్ళు కొత్త చిన్న బండి కొనుక్కుంటే నేను కాదనను. కాని మన ఊళ్ళలో నిజంగా జరిగే ఎంపిక కొత్త బండికీ పాత బండికీ మధ్య కాదు. బాగు చేసిన పాత బండికీ, రంగు పూసిన పాత బండికీ మధ్య. అక్కడ నా ఓటు ఎటో చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట తల్లిదండ్రులకు. గేరు బండికి 18 ఏళ్ళు నిండాలి. 2019 సవరణ తరువాత మైనరు బండి నడిపి నేరం జరిగితే సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. నేర్చుకునేవారి లైసెన్సుకు ఆరు నెలల గడువు. 30 రోజులు నిండాకే పరీక్ష. ఆ 30 రోజులనూ కాగితపు లాంఛనంగా చూడకండి. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్టు, గడ్డం కింద పట్టీ బిగించి, మొదటి రోజు మొదటి గజం నుంచీ. హెల్మెట్టు కోసం పెట్టిన డబ్బు బండి ఖర్చులోకి రాదు.

మొదటి రోజు ఇంజను ఆన్ చేయలేదు. బడి మైదానంలో నేను వెనకనుంచి తోస్తే, పిల్ల రెండు బ్రేకులూ వేసి ఆపింది. ఇరవై సార్లు. రెండవ రోజు కిక్ కొట్టి, క్లచ్చి వదులుతూ నడక వేగం. మూడుసార్లు ఇంజను ఆపేసుకుంది, ఒకసారి పక్కకు పడింది. తానే లేపుకుంది. ట్యాంకు మీద రెండో సొట్ట పడింది.

నెల తరువాత ఒక ఆదివారం, మొదటిసారి ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్ళే ముందు, తమ్ముడు గేటు దాకా వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, సరిగా తిరగని ఆ కుడి చేత్తో ముందు బ్రేకు లివరు తీగ దూరే చోట తొడుగు వెనక్కి జరిపి చూశాడు. వేలితో తడిమాడు. లివరు రెండుసార్లు నొక్కి వదిలాడు. తరువాత తాళం కూతురి చేతిలో పెట్టి, "చీకటి పడకముందే వచ్చేయమ్మా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

పిల్ల సాయంత్రం అయిదున్నరకు వచ్చింది.